బెట్ట మడికి కావలి

ముదిగుబ్బ నుంచి కదిరి వైపు పోతుంటే ఎడమ చేతి పక్క ఒక మట్టిరోడ్డు చీలుతుంది. అక్కడ ఆటో ఎక్కి "సైంటిస్టుల ఇల్లు" అనండి చాలు, ఊరి పేరు కూడా చెప్పనక్కర్లేదు, తీసుకుపోయి గడప ముందర దింపుతారు. అయితే దిగినవాళ్లకు అక్కడ కనబడేది సైంటిస్టు కాదు, కుళ్లాయప్ప. బనీను మీద తుండుగుడ్డ వేసుకుని గొర్రెలకు మేత వేస్తూ ఉంటాడు. "సైంటిస్టు గారు మీరేనా?" అని కొత్తవాళ్లు అడిగితే, "నేను గాదు సామీ, నేను వాళ్ల కుళ్లాయప్పను" అంటాడు. అలా అనుకోవడంలో ఆయనకు నామోషీ ఏమీ లేదు. ఎప్పుడైనా ఉండేదేమో కానీ, అరవై దాటాక ఇంకేం నామోషీ లెండి!

లోపలికి పోతే నడవ గోడ నిండా ఫోటోలే. మొదటిది తండ్రి హనుమంతరాయుడిది. వేరుశనగలో కొత్త రకాలు తీసిన శాస్త్రవేత్త. ఎవరో పెద్దమనిషి శాలువా కప్పుతుంటే, ఎప్పుడు వదులుతారా చేనికి పోదాం అన్నట్టు నిలబడి ఉంటాడు. పక్కన పెద్దకొడుకు ఆదెప్ప, మట్టిని చదివినవాడు, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ పక్కన ఆదెప్ప కూతురు హేమావతి, నల్లగౌను వేసుకుని, డాక్టరు పట్టా పట్టుకుని. ఈ డాక్టరు సూదులేసే డాక్టరు కాదు. నీళ్లు లేనప్పుడు పైరు ఏం చేస్తుంది, దేనికి చస్తుంది, ఏది బతుకుతుంది, అది ఆ పిల్ల చదువు.

కుళ్లాయప్ప ఫోటో లేదనుకునేరు. ఉంది! పీకిన వేరుశనగ చెట్టునొకదాన్ని, కాయలతో సహా, రెండు చేతులు పట్టుకుని ఉన్న ఫోటో. తండ్రి రాసిన పుస్తకంలో అచ్చయింది. ఆ చేతులు కుళ్లాయప్పవి. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆయన భార్య బయమ్మ ఆ ఫోటో చూపిస్తుంది. "మొగం యాడ పోయిందమ్మా?" అని ఎవరైనా అడిగితే, "బాగుండింటే పడేది" అని తనే ముందు నవ్వుతుంది.

విడ్డూరం ఏమిటంటే, అంత సైంటిస్టు కొడుకు పదో తరగతి తప్పింది సైన్సులోనే. మళ్లీ కట్టాడు, మళ్లీ తప్పాడు. హనుమంతరాయుడు తిట్టలేదు, కొట్టలేదు. "వీనికి మట్టిపని వస్తాది. నాతో రానీ" అని చేనికి తీసుకుపోయాడు. ఆఫీసు చేలల్లో చేసే పరీక్షలు ఎట్లాగూ ఉండేవి. అవి చాలవని, కొత్త గింజను సొంత చేలో కూడా వేసి చూసుకోవడం ఆయనకు అలవాటు. ఎర్రనేల, సగం గులకరాళ్లు. అందులో పక్కపక్కనే రెండు మడులు. ఒకదానికి వేళకు నీళ్లు పెడతారు, అది తడి మడి. రెండోదానికి, ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో, ఒక్క చుక్క కూడా పెట్టరు. అది బెట్ట మడి. బెట్టలో ఏ చెట్టు నిలుస్తుందో, ఏది చస్తుందో చూడటానికే ఆ మడి. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఇదే పద్ధతి.

కుళ్లాయప్పకు మీసాలు మొలుస్తున్న కాలం అది. ఆ ఏడు బెట్ట మడిలో హనుమంతరాయుడు ఎన్నో ఏళ్లు కష్టపడి తీసిన కొత్త రకం ఉంది. సరిగ్గా కాయ ఊరే సమయానికి ఆయన మీటింగని హైదరాబాదు పోవాల్సి వచ్చింది. చేను చిన్నకొడుక్కు అప్పజెప్పాడు. పోయినవాడు రావడం ఆలస్యమైంది. ఇక్కడ ఎండ చూస్తే మాడ్చేస్తోంది. మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకుని వేలాడుతున్నాయి. గట్టు పక్కనే బావి, బావిలో నీళ్లు. అటు చూస్తే నీళ్లు, ఇటు చూస్తే ఎండిపోతున్న చెట్లు! అన్నం ముందర కూర్చుంటే కుళ్లాయప్పకు ముద్ద దిగలేదు. తెల్లారగట్ల లేచి కడవలతో తోడి పోయడం మొదలుపెట్టాడు. నాయన వచ్చేదాకా రోజూ పోశాడు.

హనుమంతరాయుడు బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా, సంచీ భుజానే పెట్టుకుని నేరుగా చేనికి వచ్చాడు. చూస్తే బెట్ట మడి పచ్చగా ఉంది. సంచీ కింద పడేశాడు. సాళ్లలో కూలబడి ఆకులు తిప్పి తిప్పి చూశాడు. ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి లేచి చిన్నపిల్లోడి మాదిరి ఎగిరాడు. "నిలిచిందిరా! ఒరే కుళ్లాయీ, నిలిచిందిరా నా గింజ!" అని కొడుకును పట్టుకుని ఊపేశాడు.

నాయనను అంత సంతోషంగా కుళ్లాయప్ప ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషంలో తనకూ ఇంత పాలు కావాలనిపించింది, పాపం. "నేనే నాయనా! చచ్చిపోతాండాయని దినామూ నీళ్లు పోసినా!" అన్నాడు, ముఖమంతా నవ్వు చేసుకుని.

హనుమంతరాయుడు కొడుకు భుజాల మీది చేతులు తీసేశాడు. పోయి గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఏడాది పని మొత్తం పోయింది. గింజ నిలిచేదో లేదో మళ్లీ విత్తి, మళ్లీ ఎండబెట్టి చూస్తే తప్ప తెలియదు. కొడుకు మీద చెయ్యి ఎత్తలేదు. "రెండు తగిలించింటే బాగుండు" అని కుళ్లాయప్ప ఈనాటికీ అంటాడు.

మర్నాడు పొద్దున కొడుకును పక్క చేనికి తీసుకుపోయాడు. అది కొండప్ప వాళ్లది. ఈ కొండప్ప కుళ్లాయప్ప ఈడువాడే, అప్పుడు వాళ్ల నాయన సేద్యం చేస్తుండేవాడు. బావి లేదు, వాన మీదే ఆధారం. చేను చేనంతా కాలిన కాగితం మాదిరి అయింది. హనుమంతరాయుడు ఒక చెట్టు పీకి చూపించాడు. కాయల్లో గింజే లేదు.

"చూడు. నువ్వు పోసిన నీళ్లు ఈయప్ప చేనికి వస్తాయా?" అన్నాడు. "నీళ్లు ల్యాకున్నా బతికే గింజ యాదో ఈయప్పకు చెప్పల్ల మనం. దాని కోసరమే ఆ మడిని ఎండబెట్టేది. నాకు మాత్రం సుకంగా ఉంటాదనుకుంటివా, అది ఎండుతాంటే చూసేకి?"

అప్పుడు కుళ్లాయప్పకు ఏడుపు వచ్చింది. తండ్రి ఊరుకోబెట్టలేదు, అట్లాగని విడిచి పోనూ లేదు. ఏడుపు అయ్యేదాకా పక్కనే నిలబడి, తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు.

ఆ సంగతి ఇంట్లో ఒక వేళాకోళమైపోయింది. బావి ఎండి బోరు వేశాక స్టార్టరు పెట్టెకు తాళం పడింది. ఆ తాళంచెవి ముందు హనుమంతరాయుడి మొలతాడుకు, తర్వాత ఆదెప్ప జేబులోకి, తర్వాత హేమావతి బ్యాగులోకి పోయింది కానీ, పైరు ఊడలు దిగే రోజుల్లో మాత్రం కుళ్లాయప్ప చేతికి రాలేదు. పెళ్లిళ్లలో ఎవరికైనా దాహమైతే, "కుళ్లాయప్పను అడగండప్పా, అడక్కపోయినా పోస్తాడు" అనేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. పడుకున్నాక మాత్రం ఆ నవ్వు ఉండేది కాదని బయమ్మకు తెలుసు.

హనుమంతరాయుడు పోయే నాటికి ఆదెప్ప ఏదో దేశంలో సభలో ఉన్నాడు. దగ్గరున్నది కుళ్లాయప్పే. గొంతు తడారిపోయి తండ్రి నీళ్లు అడిగాడు. చెంబు పట్టుకుని, పోయొచ్చో పోయకూడదో, పొలమారుతుందేమోనని ఈయన తటపటాయిస్తున్నాడు. ముసలాయన కళ్లు తెరిచి, "పొయ్యిరా కుళ్లాయీ. ఈ పొద్దు నిన్నెవురూ ఏమనరు" అన్నాడు. అంత నీరసంలోనూ పెదాల మీద చిన్న నవ్వు. కుళ్లాయప్ప ఉద్ధరిణితో కొంచెం కొంచెంగా పోశాడు.

ఇక ఈ ఏటి సంగతికి వద్దాం. హేమావతి నాలుగైదు చోట్ల, నాలుగైదేళ్లుగా పరీక్షిస్తున్న ఒక గింజకు ఇది ఆఖరి ఏడు. తాత తీసిన రకంలోంచి తీసిందే అది. ఈ చేలో కూడా బెట్టకు నిలిచిందని తేలితే రైతుల చేతికి పోతుంది. తేలకపోతే మళ్లీ మొదటికి. ఈ కాలం పద్ధతులు వేరు కదా, బెట్ట మడి మీదికి ఒక పందిరి కూడా చేయించింది. ఇనుప కమ్మీల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, కింద చక్రాలు. మామూలు రోజుల్లో పక్కకు తోసిపెడతారు. మబ్బు పట్టిందంటే మడి మీదికి లాగి, మూలలు మోకులతో కట్టేస్తారు. నీళ్లు మనం పోయకపోవడమే కాదు, దేవుణ్ణి కూడా పోయనివ్వకూడదన్నమాట!

ఊళ్లో అందరూ నోరు వెళ్లబెట్టారు. ఆకాశం తట్టు చూసి చూసి మెడలు నొప్పులు పుట్టే సీమలో వానకు పందిరి వేసే వాళ్లుంటారా?

సరిగ్గా కాయ ఊరే వేళకు హేమావతి ఢిల్లీకి పోవాల్సి వచ్చింది. పోయే ముందు చేనికి వచ్చి, తడి మడికి నీళ్లు పెట్టాలని, పందిరి చూసుకోవాలని చెప్పి, బ్యాగులోంచి బోరు తాళంచెవి తీసి చిన్నాయన చేతిలో పెట్టింది.

కుళ్లాయప్ప చేతికి నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడ్డాడు. "పాపా, నా సంగతి తెలుసు గదా నీకు."

"తెలుసు చిన్నాయనా. అందుకే ఇస్తాండా. వేరేవాళ్లైతే మబ్బు వచ్చినా చూసుకోరు, సెల్లు చూసుకుంటా కూచుంటారు. నువ్వైతే ఆ మడి తట్టే చూస్తా ఉంటావు."

"ఒగవేళ..."

"ఏమీ కాదులే. పోయొస్తా" అని కారెక్కింది.

తాళంచెవిని కుళ్లాయప్ప మొలతాడుకే కట్టుకున్నాడు, నాయన మాదిరి. అంతే, ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు, తిండి లేదు. ఎండ ముదిరేకొద్దీ బెట్ట మడి వాడిపోతోంది. పక్కన తడి మడి నిగనిగలాడుతోంది. ఎటు తిరిగినా ఆ తాళంచెవి నడుముకు తగులుతూనే ఉంది. ఇంటికొస్తే బయమ్మ ఒంటికాలి మీద లేచేది. "బోర్లో నీళ్లు పెట్టుకోని పైరును చంపుకునే ఇల్లు ఇదొక్కటే. పచ్చటి చెట్టు ఉసురు తగలదా మనకు?"

"నాకు చెప్తావేంటికి? నాకు తెలీదా?" అని కసిరి, మళ్లీ చేనికే పోయేవాడు.

బెట్ట ఆ ఒక్క మడిలోనే కాదు, ఊరంతా అదే. కొండప్ప చేను కూడా వాడుతోంది. ఇంక లాభం లేదని ఒక ఆదివారం ఊరివాళ్లు కప్పను ఊరేగించారు. రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో గుడ్డలో కప్పను కట్టి, పాటలు పాడుతూ ఇంటింటికీ తిప్పారు. ప్రతి గడపలోనూ ఆడవాళ్లు బిందెడు నీళ్లు పోశారు. బయమ్మ పోసింది. ఆమె చేతిలోంచి బిందె తీసుకుని కుళ్లాయప్ప కూడా పోశాడు. పోస్తూ మనసులో, "కురిపించు తల్లీ, ఊరంతా కురిపించు. మా బెట్ట మడి ఒగటి తప్పించు, నీకు పున్నెముంటాది" అని మొక్కుకున్నాడు. ఇట్లాంటి మొక్కు వినడం ఆ కప్పకు కూడా అదే మొదలై ఉంటుంది.

కప్పతల్లి సగం మాట విన్నది. సాయంత్రానికి కదిరి కొండల మీద మబ్బు లేచింది. పందిరి తోసే కూలీలిద్దరూ ఊరేగింపు భోజనాల దగ్గరున్నారు. కుళ్లాయప్ప ఒక్కడే పరుగెత్తుకుంటూ చేనికి వచ్చి, భుజం ఆనించి పందిరిని నెట్టుకొచ్చాడు. ఈ మూల మోకు కట్టి ఆ మూలకు పోయేసరికి ఈదురుగాలి తగులుకుంది. వెనకే చినుకులు. ఒక్కొక్క చినుకు ఇంత లావు! ఎన్నాళ్లకు మట్టి వాసన! ఊళ్లోంచి కేకలు, ఈలలు వినబడుతున్నాయి. పిల్లలు రోడ్డు మీద తడుస్తూ గంతులేస్తున్నారు.

ఫట్‌మని నాలుగో మూల మోకు తెగింది. పట్టా పైకి లేచి కొట్టుకుంటోంది. కుళ్లాయప్ప గెంతి దాని కొస పట్టుకుని, బరువంతా వేసి వేలాడాడు. మొదటి జల్లు మడి అంచున పడింది. వాడిన ఆకుల మీద నీటి చుక్కలు జారుతున్నాయి.

అప్పుడు ఆయనకు వచ్చిన ఆలోచన ఎవరికైనా వచ్చేదే. వదిలేస్తే? నేను పోయడం లేదు కదా, దేవుడు పోస్తున్నాడు. మోకు తెగింది, గాలికి పట్టా ఎగిరిపోయింది, ఒక్కడినే ఉన్నాను అంటే ఎవరు కాదంటారు? వేళ్లు సడలిస్తే చాలు. ఆ చెట్లు అన్నీ తన తట్టే చూస్తున్నట్టు అనిపించింది. "నాయనా, నావల్ల కాదు నాయనా" అని పైకే అనేశాడు.

అంతలో గట్టు మీద కొండప్ప కనబడ్డాడు. తడిసి ముద్దయిపోయి, తన చేను తడుస్తుంటే చూసుకోవడానికి వచ్చినవాడు, ఈ వేడుక చూసి పగలబడి నవ్వుతున్నాడు. "ఏమప్పా కుళ్లాయప్పా! దేవుడు ఇయ్యక ఇయ్యక ఇస్తాంటే అడ్డం పడతాండావే! పిచ్చిగాని పట్టిందా?"

కొండప్ప వెనక ఆ బావి లేని చేను. ఈ రోజుకు తడిసింది. వచ్చే ఏడు? ఆ పై ఏడు? గింజ లేని కాయ నాయన చేతిలో ఎట్లా ఉండిందో కుళ్లాయప్పకు కళ్లకు కట్టింది.

"నవ్వింది చాలు! రాప్పా, పట్టుకో!" అని అరిచాడు. "నీ కోసరమే సస్తాండా ఈడ! పట్టుకో ముందు!"

ఎన్నడూ గొంతెత్తని మనిషి అట్లా అరిచేసరికి కొండప్ప నవ్వు ఆపి, ఒక్క ఉరుకులో వచ్చి పట్టా పట్టుకున్నాడు. ఇద్దరూ కొసను కిందికి లాగి, మూలన పాతిన ఇనుప గూటానికి చుట్టి, పట్టా అంచు మీద కూర్చున్నారు. వాన దంచి కొడుతోంది. ఇంతలో గట్టు పక్క నుంచి నీళ్లు మడిలోకి పారేటట్టున్నాయి. ఎట్లారా భగవంతుడా అనుకునేంతలో బయమ్మ వచ్చింది. నెత్తిన గోనెసంచి, చేతిలో పార. "పాపం, పాపం అంటే ఇన్యావా? ఇంత మొండి మనిషిని యాడా చూడలేదు" అని తిడుతూనే, చీర ఎగదోపుకుని గట్టు వెంబడి కాలువ తవ్వి నీళ్లు అవతలికి మళ్లించింది. పని అయిందాకా తిట్లు ఆగలేదు, పార ఆగలేదు.

పొద్దు మునిగేసరికి వాన తగ్గింది. ఊరంతా తడిసింది, ఆ ముగ్గురూ నిలువునా తడిశారు. పట్టా కింద చెయ్యి పెట్టి చూస్తే, అంచున ఆ మొదటి జల్లు పడిన చోటు తప్ప, మడి మడంతా పొడిగా ఉంది. కుళ్లాయప్ప ఆ పొడి మట్టి మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కాసేపు కూర్చుండిపోయాడు. సంతోషమో దుఃఖమో ఆయనకే తెలియలేదు.

హేమావతి వచ్చింది. కారు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా చేనికే వచ్చింది, తాత మాదిరి. ఊళ్లో అప్పటికే కాలువల్లో నీళ్లు పారుతున్నాయి. బెట్ట మడిలో చాలా సాళ్లు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. కానీ మధ్యలో, హేమావతి గింజ వేసిన సాళ్లు, ఆకులు ముడుచుకుని, సన్నబడి, బతికే ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వి చూసింది. ఒక చెట్టు పీకింది. వేళ్ల నిండా కాయలు, గట్టి కాయలు.

"నిలిచింది చిన్నాయనా! నిలిచింది!" అని లేచి ఎగిరింది.

నాయన ఎగిరిన చోటే. అవే మాటలు. కుళ్లాయప్ప నోరు తెరుచుకుని, ఆ పిల్ల తర్వాతి మాట కోసం చూస్తున్నాడు. నీళ్లేమైనా పోసినావా చిన్నాయనా, అని అడుగుతుందని. అడిగితే లేదని చెప్పడానికి ఆ మాట నాలుక మీదే పెట్టుకుని ఉన్నాడు.

హేమావతి అడగలేదు. అడగాలని తోచనే లేదు ఆ పిల్లకు. చెట్టును ఆయన చేతుల్లో పెట్టి, "పట్టుకో, ఫోటో తీస్తా" అని సెల్లు తీసింది. "చేతులు కాదు, మొగం కూడా పడల్ల. నవ్వు చిన్నాయనా."

నవ్వమంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. తుండుగుడ్డతో తుడుచుకుని, "ఎండ పాపా, ఎండ" అన్నాడు.

కొలతలు, తూకాలు అన్నీ అయ్యాయి. లెక్కకు కావాల్సిన చెట్లన్నీ పీకి సంచుల్లో కట్టుకుని కారులో వేసుకున్నారు. బెట్ట మడి చుట్టూ అంచు సాళ్లు మాత్రం మిగిలిపోయాయి, పాత రకంవి. అంచు చెట్లు లెక్కలోకి రావు, వాటిని ఎవరూ కొలవరు. చాలావరకు కట్టెలైపోయాయి.

"పాపా, ఇవి నీకు పనికొస్తాయా?" అని అడిగాడు కుళ్లాయప్ప.

"లేదు చిన్నాయనా. నా పని అయిపోయింది. ఇంక నీ ఇష్టం."

కారు రోడ్డెక్కి మలుపు తిరిగిందాకా చూశాడు. తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, స్టార్టరు పెట్టె తెరిచి, మోటారు వేశాడు. పైపు తెచ్చి బెట్ట మడి అంచున పెట్టాడు. ఎర్రమట్టి నీళ్లు పీల్చుకుంటూ బుడగలు కక్కింది. పంచె ఎగగట్టి, సాలు వెంబడి సాలు, ఎండిన ప్రతి చెట్టు మొదట్లోకి నీళ్లు మళ్లిస్తూ నడుస్తున్నాడు.

గొర్రెలు తోలుకుని పోతున్న కొండప్ప గట్టు మీద ఆగాడు. "ఏమప్పా, అవి చచ్చిపోయినాయి గదా. పచ్చగా ఉండేటప్పుడు పోయకపోతివి, ఇప్పుడు పోస్తాండావు ఏంటికి?"

కుళ్లాయప్ప తల ఎత్తలేదు. ఇంకో సాలుకు నీళ్లు తిప్పుతూ, "ఈ పొద్దు నన్నెవురూ ఏమనరప్పా" అన్నాడు.